ఆదివారం నింపిన నీళ్ళు

ముందు నాకు తెలిసినదేదో, విన్నదేదో వేరు చేసి పెడతాను. ముప్ఫై ఏళ్ళు తాగునీటిని పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరైన మనిషికి ఇంకోలా మొదలుపెట్టడం చేతకాదు. మా అపార్టుమెంటు వాళ్ళం ఇరవై రెండు మందిమి ఒక ఆదివారం తెల్లవారుతూనే అమీర్‌పేటలో మినీ బస్సెక్కి, నాగార్జునసాగర్ చూసి, దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చామన్నది నిజం. ఆ ప్రయాణంలో ఒక్క ప్లాస్టిక్ సీసా కూడా కొనలేదన్నది నిజం. దిగే ముందు సీట్ల కింద వంగి చూసింది నేనే. ఆ సాయంత్రమే మూడో అంతస్తు టీచరు గారికి కళ్ళు తిరిగి, రెండుసార్లు వాంతి అయితే పంజాగుట్టలో ఒక నర్సింగ్ హోముకు తీసుకెళ్ళి సెలైన్ ఎక్కించారన్నది కూడా నిజమే. నేను వెంట వెళ్ళలేదు కానీ, మర్నాడు లిఫ్టు దగ్గర ఆమె చేతి మీద సూది గుచ్చిన చోట అంటించిన దూది చూశాను.

బస్సులో నీళ్ళే ఆమెను పడగొట్టాయన్నది మాత్రం విన్నమాట. మొదట ఎవరన్నారో ఇప్పటికీ తెలియదు. ఆ విన్నమాట మీదే ఒక మనిషి జీవనాధారం ఊగిసలాడింది.

ఆ మనిషిని మేమందరం భాయ్ అనే పిలుస్తాం. ఎర్రమంజిల్ క్వార్టర్ల వెనక సందులో ఉంటారు. సొంతంగా ఒకటే మినీ బస్సు. డ్రైవరూ తనే, కడిగేదీ తనే. మా అపార్టుమెంటుకు నెలకొక ప్రయాణం ఉంటుంది. మా మాట విని పక్కనున్న రెండు అపార్టుమెంట్ల వాళ్ళు, బల్కంపేట గుడి దగ్గరి భజన బృందం వాళ్ళు కూడా ఆయన్నే పిలుస్తారు. మేం వద్దంటే వాళ్ళందరూ వద్దంటారు. ఈ సంగతి ఆయనకు తెలుసు, మాకూ తెలుసు.

అంతకుముందు మా ప్రయాణాలకు సీలు వేసిన నీళ్ళ సీసాలు పెట్టెలకు పెట్టెలు ఎక్కించేవాళ్ళం. వాటిని మేం వాడే తీరు విచిత్రంగా ఉండేది. రెండు గుక్కలు తాగి పక్కన పెట్టడం, కాసేపటికి ఏది ఎవరిదో మరిచిపోవడం, ఇంకొకరి ఎంగిలేమోనన్న అనుమానంతో కొత్తది విప్పడం. మా వాళ్ళలో సీసాలు పెరగడానికి దాహం కంటే ఎంగిలి పట్టింపే పెద్ద కారణమని నా అంచనా. అనంతగిరి వెళ్ళి వచ్చిన రోజు, అందరూ దిగిపోయాక భాయ్ సీట్ల మధ్య వంగి ఏరుతుంటే నేను గోనెసంచి మూతి పట్టుకుని నిలబడి లెక్కపెట్టాను. ఇరవై రెండు మందికి యాభై ఎనిమిది సీసాలు. వాటిలో సగానికి పైగా నీళ్ళు మిగిలే ఉన్నాయి.

"గిన్ని నీళ్ళు పారబోసుడే మేడం," అన్నారు భాయ్ నడుం పట్టుకుని లేస్తూ. "ఇంకొకటి చెప్తా, మీరు మాత్రం హైరానా పడొద్దు. శ్రీశైలం ఘాటుల ఒకసారి ఖాళీ బాటిల్ దొర్లుకుంట వచ్చి బ్రేక్ కింద ఇరికింది. కాలు కిందికి పోతలేదు. వెనక అందరు అంత్యాక్షరి ఆడుతుండ్రు. నాకు మాత్రం అల్లా యాదికొచ్చిండు."

"తర్వాత?"

"కాలితోని తన్నిన. బయటికొచ్చింది. వాళ్ళు పాట సుత ఆపలే."

దీనికి సాక్షులు లేరు. అయినా నమ్మాను, రుజువు లేకుండా నేను నమ్మిన కొద్ది మాటల్లో అదొకటి.

రెండు వారాల తర్వాత ఆయనే ఒక ఏర్పాటు చేసి చూపించారు. తన సీటు వెనక చెక్కతో ఒక స్టాండు, అందులో కుళాయిలు బిగించిన రెండు పెద్ద నీళ్ళ క్యాన్లు, కదలకుండా బెల్టులు. నీళ్ళు తన ఇంటి దగ్గరే నింపి తెస్తారు. ఎవరి స్టీలు సీసా వాళ్ళు తెచ్చుకుంటే అందులో నింపుకోవచ్చు. అన్నీ ఒకేలా ఉంటే మళ్ళీ ఎంగిలి తగాదా వస్తుందని ఆయన భార్య ఆలోచించారట. మిగిలిపోయిన కర్టెను గుడ్డలతో ఇరవై రెండు తొడుగులు కుట్టి పంపారు, ఏ రెండూ ఒక రంగు కాకుండా. నేను పనిచేసిన ప్రయోగశాలలో నమూనాల సీసాలు కలిసిపోకుండా ఇంత శ్రద్ధ ఎవరూ తీసుకోలేదు.

ఈ ఏర్పాటు మీద సెల్లార్లో సమావేశం పెట్టారు. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మా సెక్రటరీ గారు ఫోనులోకి చూస్తూ, ప్లాస్టిక్ సీసా మట్టిలో కలవడానికి ఇన్ని వందల ఏళ్ళు పడుతుందని చదివారు.

"అన్నేళ్ళు పక్కన కూర్చుని ఎవరు చూశారండీ?" అన్నాను. నా ఉద్దేశం ఏర్పాటును కాదనడం కాదు. యాభై ఎనిమిది సీసాలు నేను చూశాను, అది చాలు. చూడని వందల ఏళ్ళు ఎందుకు?

"మీకు అన్నిటికీ అనుమానమేనండీ! పొద్దున్న కాఫీ అయినా పరీక్ష చేయకుండా తాగుతారా, లేదా?" అన్నారాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు లేచినవారు టీచరు గారు. డెబ్బై దాటిన మనిషి. తూర్పు గోదావరి వైపు నుంచి వచ్చి నలభై ఏళ్ళుగా ఇక్కడే స్థిరపడ్డారు. "మన నీళ్ళు మనం మోసుకెళ్ళడం కొత్తేం కాదండీ. మా అమ్మ మరచెంబు లేకుండా రైలెక్కేది కాదు. ఈయన మనకి కుట్టించి మరీ ఇస్తుంటే కాదంటామా?" అని, ముందుకొచ్చి నీలం రంగు మీద మామిడి పిందెల అంచున్న తొడుగు ఎంచుకున్నారు. ఆ మాటతో ఏర్పాటు ఖాయమైంది. భాయ్ గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆమెకు తల వంచారు.

సాగర్ వెళ్ళిన ఆదివారం బస్సు దగ్గర మొదటి సీసా కూడా ఆమెదే. భాయ్ స్వయంగా కుళాయి తిప్పి, నీళ్ళు అంచుదాకా వచ్చాక ఆపారు. ఇది నేను చూశాను. తర్వాత నేను చివరి వరుసలో కూర్చున్నాను. ఆమె ముందు వరుసలో. ఎండ తీవ్రంగా ఉంది. డ్యాం దగ్గర రాళ్ళ మీద కాలు పెట్టలేకపోయాం. దారిలో రెండే చోట్ల ఆగాం. ఆ రెండు చోట్లా ఆడవాళ్ళ బాత్రూముల పరిస్థితి ఇక్కడ రాయదగినది కాదు.

సోమవారం పొద్దున లిఫ్టులోనే మాట మొదలైంది. "క్యాన్ నీళ్ళటండీ. ఎప్పుడు కడిగాడో ఏంటో." మధ్యాహ్నానికి అపార్టుమెంటు గ్రూపులో అది 'నీటి ఇన్‌ఫెక్షన్'గా మారింది. సాయంత్రానికి సెక్రటరీ గారు, వచ్చే ఆదివారం అందరం సమావేశమై, సీలు సీసాలు ఇచ్చే వేరే ట్రావెల్స్‌కు మారడంపై నిర్ణయం తీసుకుందామని రాశారు. టీచరు గారు ఏమీ రాయలేదు. ఒంట్లో బాగోలేదు కదా అనుకున్నాం.

మంగళవారం పొద్దున నేనే భాయ్ ఇంటికి వెళ్ళాను. బస్సు నీడలో ఉంది. రెండు క్యాన్లలోనూ అడుగున నీళ్ళు ఉన్నాయి.

"ఖాళీ చేయలే మేడం. మీరొస్తరని తెలుసు," అన్నారు.

స్టెరిలైజ్ చేసిన సీసాల్లో నమూనాలు తీసుకుని, పాత సహోద్యోగి నడుపుతున్న ప్రయోగశాలకు తీసుకెళ్ళాను. నేనే దగ్గరుండి పరీక్ష పెట్టించాను. గురువారం ఫలితం వచ్చింది: హానికరమైన సూక్ష్మజీవులు కనిపించలేదు. ఆ కాగితాన్ని గ్రూపులో పెడుతూ, వృత్తి ధర్మం ప్రకారం కింద ఒక వాక్యం చేర్చాను. 'ఈ ఫలితం మంగళవారం సేకరించిన నమూనాకు మాత్రమే వర్తిస్తుంది.'

నా సర్వీసులో కొన్ని వేల నివేదికల కింద అటువంటి వాక్యం రాసి ఉంటాను. దానివల్ల ఎవరికైనా నష్టం జరగవచ్చని ఎన్నడూ తోచలేదు. పావుగంటలో సెక్రటరీ గారు జవాబు పెట్టారు: 'అంటే ఆదివారం నీళ్ళకు వర్తించదని మేడం గారే ఒప్పుకుంటున్నారు.' దాని కింద చప్పట్ల బొమ్మలు.

శుక్రవారం భాయ్ మా ఇంటికి వచ్చారు. కుర్చీ చూపిస్తే చివర అంచున కూర్చున్నారు. భజన బృందం వాళ్ళు, మీ ఆదివారం సమావేశం అయ్యాక చెబుతామన్నారట.

"మేడం, నాకు జర సీదా చెప్పండి. నీళ్ళు మంచిగున్నయా, లేవా?"

"నేను పరీక్షించిన నీళ్ళు బాగున్నాయి."

"మరి ఆమె తాగిన నీళ్ళు?"

"అవి నా దగ్గర లేవు కదా భాయ్. తాగేశారు."

"గదేం మాట మేడం! తాగిన నీళ్ళు ఎవరి దగ్గరుంటయి?" అన్నారు. "మీ తప్పు లేదు. మీ లెక్క మీది. పబ్లిక్ మాత్రం గీ కాగితం చదివి, మేడంకే డౌటున్నది అంటుండ్రు."

ఏదో చేయాలన్న తొందరలో నేనొక మాట అన్నాను. ఆదివారం సమావేశంలో అందరి ముందూ ఆ క్యాన్లోంచి ఒక గ్లాసు నీళ్ళు తాగుతాను అని. ఆయన నా వైపు తలెత్తి చూశారు. ఆ చూపులో నవ్వుంది.

"మీరు తాగితే ఏం రుజువైతది మేడం? మీరే అంటరు, ఒక్కళ్ళు తాగితే లెక్కల రాదని."

నా పాఠం నాకే అప్పజెప్పారు.

ఆయన వెళ్ళాక నాకు తోచింది, ఆదివారం నీళ్ళు ఒకవేళ టీచరు గారి సీసాలో రెండు చుక్కలు మిగిలి ఉండవచ్చునని. శనివారం పొద్దున నమూనా సీసా చేతి సంచిలో వేసుకుని మూడో అంతస్తుకు వెళ్ళాను. ఆమె తేరుకున్నారు. ముఖం మాత్రం ఇంకా పాలిపోయే ఉంది.

"స్టీలు సీసా కోసం వచ్చావా అమ్మాయ్? ఇంకా ఆ సంచిలోనే ఉంది. తీయనేలేదు," అన్నారు తలుపు వెనక మేకు వైపు చూపిస్తూ.

నేనే దింపాను. నీలం తొడుగు. చేతికి బరువుగా తగిలింది. మూత రెండు వేళ్ళతో తిప్పితే వచ్చేసింది. లోపల నీళ్ళు అంచుదాకా ఉన్నాయి.

ఏ విచారణలోనైనా మొదట అడగాల్సింది, అనుమానిస్తున్న పదార్థం ఆ మనిషి లోపలికి అసలు వెళ్ళిందా అని. ప్రయోగశాలలో చేరిన ప్రతి కొత్త ఉద్యోగికీ నేను చెప్పిన మొదటి పాఠమది. ఆరు రోజులుగా నేను ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. నీళ్ళు నాకు తెలిసిన విషయం కనుక నేరుగా నీళ్ళ దగ్గరకే పరుగెత్తాను.

"ఏంటమ్మా అలా చూస్తావ్? తాగలేదు. అంతే," అన్నారు టీచరు గారు.

"రోజంతా?"

"పొద్దున ఇంట్లో కాఫీ. అక్కడ మజ్జిగ ఒక గ్లాసు."

బల్ల మీద నర్సింగ్ హోము చీటీ ఉంది. అడిగి తీసుకుని చదివాను. ఒంట్లో నీరు తగ్గిపోవడం అని డాక్టరు స్పష్టంగా రాశారు. ఇన్‌ఫెక్షన్ అన్న మాట ఎక్కడా లేదు. వెంట వెళ్ళినవాళ్ళు చీటీలో మందుల పేర్లు చూసి ఊరుకుని ఉంటారు. భాయ్ నీళ్ళు తాగి కాదు, తాగకుండా ఉండి ఆమె పడిపోయారు.

"మరి బస్సు నీళ్ళ వల్లేనని అందరూ అంటుంటే..."

"నేనన్నానా? వాళ్ళన్నారు. నేను కాదనలేదు."

"ఎందుకని?"

"కాదంటే, తాగలేదని చెప్పాలిగా! అంతమందిలో లేచి నిలబడి గొప్పగా మాట్లాడిందాన్ని. ఆయన దగ్గరుండి నింపి ఇచ్చాడు. వాళ్ళావిడ కూర్చుని కుట్టింది. ముట్టుకోనైనా లేదని ఆయన మొహం మీద ఎలా చెప్పను? బాధపడడూ?"

"ఆయన మనసు నొచ్చుకోకూడదని మీరు ఊరుకున్నారు. రేపు ఆయన బండినే మానిపించబోతున్నారండీ. భజన వాళ్ళు కూడా మన నిర్ణయం కోసమే చూస్తున్నారు."

ఆమెకు ఈ సంగతి తెలియదు. ఫోనులో గ్రూపు తెరవడం ఆమెకు అలవాటు లేదు. వేలితో బల్ల మీద గీతలు గీస్తూ ఉండిపోయారు. అసలు ఎందుకు తాగలేదని అడగబోయాను. "కాఫీ పెడతాను, ఉండు," అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. తిరిగి వచ్చాక మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడారు. వచ్చేటప్పుడు అనుమతి అడిగి, ఆ సీసాలోంచి కొన్ని నీళ్ళు నమూనాకు తీసుకున్నాను. ఆమె తాగలేదు కనుక అవసరం లేదు, అలవాటు ఊరుకోలేదు. ఫలితం సమావేశం అయ్యాకనే వచ్చింది. ఆ నీళ్ళూ బాగానే ఉన్నాయి.

ఆదివారం సెల్లార్లో కుర్చీలు వేశారు. భాయ్ స్కూటర్ల పక్కన నిలబడే ఉన్నారు. ఉతికిన తెల్ల చొక్కా. సెక్రటరీ గారు, "వ్యక్తిగతంగా మనకి భాయ్ మీద కోపమేం లేదండీ, ఆరోగ్యం విషయం కాబట్టి..." అని మొదలుపెట్టగానే లిఫ్టు తలుపు తెరుచుకుంది. టీచరు గారు నెమ్మదిగా నడిచి వచ్చి, నీలం తొడుగున్న సీసాను బల్ల మీద పెట్టారు.

"ఇది ఆ ఆదివారం నింపిందే. మేడం గారు పరీక్షకి కాస్త తీసుకున్నారు, మిగతాదంతా ఉంది. నేనొక్క చుక్క కూడా తాగలేదు. డాక్టరు చీటీ కూడా తెచ్చాను. తాగకపోవడం వల్లే పడ్డానని రాశాడు. ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాది."

రెండో అంతస్తు ఆవిడ అన్నారు, "చూశారా, వాంతి ఈవిడదీ, నింద నీళ్ళదీనూ!" కొందరు నవ్వారు. సెక్రటరీ గారు చీటీ రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే మరి ఎందుకు తాగలేదండీ టీచరు గారూ?" అన్నారు. ఆయన గొంతులో దురుద్దేశమేమీ లేదు. తెలుసుకోవాలనే అడిగారు.

ఆమె చూపు ఒక్కసారి భాయ్ వైపు పోయి, అంతలోనే కిందికి వాలింది.

భాయ్ ముందుకొచ్చారు. సీసా చేతిలోకి తీసుకుని, మూతను తిప్పి చూస్తున్నట్టుగా పట్టుకుని అన్నారు, "మూత టైట్ అయిందా టీచరమ్మా? నేనే బిగించిన ఆరోజు. జర ఎక్కువ బిగించిన్నేమో. మీ చేతికి రాలేదు గదా?"

ఆమె ఆయన్ని చూశారు. "ఆ... కాస్త గట్టిగానే ఉందయ్యా," అన్నారు.

"నాదే తప్పు. ఇగ నుంచి బిగించ, మీ ఇష్టమున్నంత మీరే పెట్టుకోండి." అని సీసాలో నీళ్ళను మెట్ల పక్కన కరివేపాకు కుండీలో పోసి, ఖాళీ సీసాను రెండు చేతులతో ఆమెకు అందించారు.

మూత బిగుతుగా లేదు. అది నేను స్వయంగా రెండు వేళ్ళతో తీశాను. ఆ సెల్లార్లో నిలబడి, కళ్ళెదుట చెబుతున్న ఒక అబద్ధాన్ని సరిదిద్దకుండా ఊరుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను. వేరే ట్రావెల్స్ ప్రస్తావన ఇంకెవరూ ఎత్తలేదు. భజన బృందానికి సెక్రటరీ గారే ఫోను చేసి చెప్పారు.

మరుసటి నెల ప్రయాణంలో బస్సు కదిలే ముందు భాయ్ వెనక్కి తిరిగి ఒక ప్రకటన చేశారు. "గంటకోసారి ఆపుతా. బాత్రూం సాఫ్ ఉన్న పెట్రోల్ బంకులు నేను మొన్ననే పోయి చూసొచ్చిన. అందరు మంచిగ నీళ్ళు తాగుండ్రి, ఫికర్ చేయకుండ్రి." ముందు వరుసలో ఎవరూ తల తిప్పలేదు. నేను ఈసారి టీచరు గారి వెనక సీటు తీసుకున్నాను. తిరిగి వచ్చేసరికి నీలం తొడుగు సీసా సగానికి పైగా ఖాళీ అయింది. అందులో రెండుసార్లు ఆమె తల వెనక్కి వంచి, పెదవులకు తగలకుండా ఎత్తి పోసుకోవడం చూశాను. మిగతాది ఎలా ఖాళీ అయిందో చూడలేదు.

ఆ మొదటి ఆదివారం ఆమె ఎందుకు తాగలేదన్నది మాత్రం నాకు తెలియదు. భాయ్ తన బంకుల వాకబుతో ఒక జవాబు ఊహించుకున్నారు. దారిలో దిగాల్సి వస్తుందన్న భయంతో ఎందరో ఆడవాళ్ళు ప్రయాణాల్లో గొంతు తడుపుకోరు. అది నిజం కావచ్చు. ఆ నీళ్ళు ఎవరింటి నుంచి వచ్చాయన్న పాత పట్టింపు ఏదో, ఆమెకే తెలియకుండా, చేతిని ఆపి ఉండవచ్చు. ఆమె భాయ్ వైపు చూసి చూపు దించుకున్న తీరు దానికి సరిపోతుంది. వయసు మీదపడిన ఒక ఆడమనిషి మగవాళ్ళ మధ్య బాత్రూం సంగతి చెప్పలేక దించుకున్న చూపుకూ అంతే సరిపోతుంది. ఈ రెంటినీ వేరు చేసే పరీక్ష ఒక్కటే ఉంది: ఆమెను అడగడం. అడిగితే, మూత గట్టిగా ఉందనే చెబుతారు. ఆ జవాబును ఆమెకు అందించిన మనిషి, నిజం తెలుసుకునే హక్కు అందరికంటే ఎక్కువగా తనకే ఉన్నా, అడగకుండా వదిలేశారు. ఆయన వదిలేసిన దాన్ని నేను తెరవలేను.

అందుకే నా నోటుపుస్తకంలో ఆ ఆదివారం కింద కారణం రాయాల్సిన చోటు ఖాళీగానే ఉంది.